మిరపకాయలన్నీ ఒకే రంగైపోయాయి

పర్లాకిమిడి బజారులో పండుమిరపకాయలు ఒక గోనె మీద, పచ్చిమిరపకాయలు పక్కగోనె మీద పోసుకుని కూర్చున్న ఒక అమ్మ నా చేతిలో కెమెరా చూసి, తీసిన ఫొటో చూపించమంది. చూపించాను. కాసేపు చూసి, "ఏటి బాబూ, పండుకాయలూ పచ్చికాయలూ ఒక్కలాగున్నాయి, నీ కెమెరా పాడైపోనాదా?" అని అడిగింది. పాడవలేదు. అది లైకా క్యూ2 మోనోక్రోమ్, ఒక స్నేహితుడు రెండు వారాలకి అప్పుగా ఇచ్చాడు. రంగు అనేది అసలు తెలియని కెమెరా. ఆ అమ్మకి అక్కడే నిలబడి వివరించలేకపోయాను గానీ, ఆవిడ అడిగింది చాలా పెద్ద ప్రశ్న.

మామూలు డిజిటల్ కెమెరాలో సెన్సారుకి కూడా రంగు తెలియదు. సెన్సారు మీద ఉండేవి కోట్ల కొద్దీ చిన్న చిన్న గుంటలనుకోండి, వాటిలో ఎంత వెలుతురు పడిందో కొలవడమే వాటి పని. వచ్చింది ఎర్ర వెలుతురా ఆకుపచ్చదా అన్నది గుంటకి పట్టదు. అందుకని 1970లలో కొడాక్‌లో పనిచేసే బ్రైస్ బేయర్ ఒక ఉపాయం చేశాడు, 1976లో పేటెంటు కూడా వచ్చింది: ఒక్కో గుంట మీద ఒక్కో రంగు అద్దం పెట్టాలి, సగం గుంటలకి ఆకుపచ్చ, పావు వంతుకి ఎరుపు, మిగతా పావుకి నీలం. ఆకుపచ్చ ఎందుకు రెట్టింపు అంటే, మన కంటికి వెలుగునీడల తేడా ఎక్కువగా తెలిసేది ఆ రంగు దగ్గరే. ఈరోజు మీ ఫోన్లో ఉన్నదీ ఈ ఏర్పాటే, లేదా దాని చుట్టమే.

లెక్క చూస్తే ఇందులో తమాషా తెలుస్తుంది. 24 మెగాపిక్సెల్ కెమెరా అని కొంటాం, అంటే 2.4 కోట్ల గుంటలు (పిక్సెళ్లు), కానీ అందులో ఆకుపచ్చని చూసేవి 1.2 కోట్లు, ఎరుపుని చూసేవి 60 లక్షలు, నీలాన్ని చూసేవి 60 లక్షలు. అంటే ప్రతి పిక్సెల్ దగ్గరా కొలిచింది ఒక్క రంగే, మిగతా రెండూ చుట్టుపక్కల వాళ్లని అడిగి కెమెరా రాసుకున్న అంచనాలు. దీన్ని ఇంగ్లీషులో డీమొజాయిసింగ్ అంటారు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని దానికి గ్రాంథికంలో పేరు పెట్టే సాహసం నేను చెయ్యను, పక్కింటివాళ్లని అడిగి నింపడం అనుకుంటే సరిపోతుంది. చాలావరకు అంచనా బాగానే కుదురుతుంది. సన్నని నేత దగ్గర మాత్రం తడబడుతుంది. బరంపురం పట్టుచీర మడతల్లో లేని ఊదా, పసుపు చారలు ఫొటోలో కనిపించడం చూసే ఉంటారు, అది ఈ అంచనా తప్పడమే.

ఇప్పుడు ఆ రంగు అద్దాలు పెట్టకుండానే సెన్సారు తయారుచేస్తే? అదే నలుపు తెలుపు కెమెరా. ప్రతి గుంటా తన మీద పడ్డ వెలుతురుని తనే కొలుస్తుంది, ఎవరినీ అడగక్కర్లేదు. అందుకే రంగు ఫొటోని తర్వాత నలుపు తెలుపులోకి మార్చడం, దీంతో తీయడం ఒకటి కావు. (ఉన్న సెన్సారు మీద అద్దాల పొరని గీకి తీసేసే మొనగాళ్లు కూడా ఉన్నారు, కానీ వెలుతురుని గుంటలోకి మళ్లించే బుల్లి కటకాలు కూడా దాంతోపాటే పోతాయి, నేనైతే చెయ్యను.)

రెండో లాభం వెలుతురు, వీధిలో తిరిగేవాడికి అసలు సంగతి ఇదే. రంగు అద్దం అంటే అడ్డం కూడా, ఎర్ర అద్దం ఎరుపుని మాత్రం పోనిచ్చి మిగతాది ఆపేస్తుంది, అలా వచ్చిన వెలుతురులో సగమో అంతకంటే ఎక్కువో వృథా. లైకా 2012లో తెచ్చిన ఎం మోనోక్రోమ్‌లో ఇది అంకెల్లోనే కనిపిస్తుంది: అదే 18 మెగాపిక్సెళ్ల రంగు కెమెరా ఎం9 మామూలు ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సారు ఎంత చురుకో చెప్పే అంకె) 160 అయితే, రంగు అద్దాలు తీసేసిన దీనిది 320. సరిగ్గా రెట్టింపు. సాయంత్రం బజారులో షట్టరు సెకనులో 60వ వంతు పెట్టాల్సిన చోట 125వ వంతు పెట్టొచ్చు, సైకిల్ తోసుకుని వెళ్లే మనిషి అలుక్కుపోకుండా పడతాడు. చీకట్లో తీసిన రంగు ఫొటోల్లో కనిపించే ఎర్రటి, పచ్చటి మచ్చలు ఇందులో ఉండవు, ఉన్నది ఇసకలాంటి గరుకు ఒక్కటే, పాత ఫిల్ము చూసిన కళ్లకి అది ఇబ్బందిగా కూడా అనిపించదు.

సాయంత్రం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. మహేంద్రతనయ నది అవతల పాతపట్నం వైపు పొద్దు వాలాక, ఇంకా లైట్లు వేయకముందు, ఆ మిరపకాయల దగ్గరికి మళ్లీ వెళ్లండి. పచ్చికాయల కంటే ముందు పండుకాయలు నల్లబడతాయి. మన కంట్లో సుమారు 60 లక్షల కోనులనే కణాలు రంగు చూస్తాయి, సుమారు 12 కోట్ల దండాలనే (ఇంగ్లీషులో రాడ్లు) కణాలు మసక వెలుతురులో పనిచేస్తాయి. పగలు మన చూపు 555 నానోమీటర్ల (వెలుతురు అల పొడవు) పసుపుపచ్చ దగ్గర చురుగ్గా ఉంటుంది, చీకటి పడితే పని దండాల చేతికి వచ్చి 500 దగ్గరికి జరుగుతుంది, ఎరుపు వాటికి దాదాపు కనపడదు. 19వ శతాబ్దంలో పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త గమనించిన విషయం ఇది. అంటే రోజూ సాయంత్రం మనందరం కాసేపు నలుపు తెలుపు కెమెరాలమే. కెమెరా మాత్రం అలా జరగదు, దానికి పగలూ రాత్రీ ఎరుపు ఒకేలా తెలుస్తుంది, అందుకే చీకటి ఫొటోలో మనం చూసిన దానికంటే మిరపపండు తెల్లగా పడుతుంది.

ఇక నష్టాలు, అవి చిన్నవేం కాదు. రంగు ఫొటో తీసుకుంటే ఇంటికొచ్చి కంప్యూటర్లో ఎరుపుని పెంచి నీలాన్ని తగ్గించి మిరపకాయలని విడదీయొచ్చు. దీంతో కుదరదు, ఆ సమాచారం ఎప్పుడూ నమోదు కాలేదు కాబట్టి. ముందే లెన్సుకి రంగు ఫిల్టర్ బిగించుకోవాలి. మా జిల్లాలో దీన్ని నేర్చుకోవడానికి మంచి చోటు సవరల గోడబొమ్మలు, ఇడితాల్ అంటారు. అసలు చోటు వాళ్ల ఇళ్ల లోపలి గోడలే, ఇప్పుడు బయట గోడల మీద కూడా వేస్తున్నారు: ఎర్రమట్టి గోడ మీద తెల్లని మనుషులు, గుర్రాలు, చెట్లు. నేను తెలివి ఉపయోగిస్తున్నాననుకుని ఎర్ర ఫిల్టర్ పెట్టాను, ఆకాశం నల్లగా వస్తుంది, మబ్బులు బాగుంటాయి కదా అని. ఆకాశం నిజంగానే అదిరింది. గోడ మీది బొమ్మలు మాత్రం మాయమయ్యాయి! ఎర్ర ఫిల్టర్ గుండా ఎర్రమట్టి కూడా తెల్లబడి, తెలుపులో తెలుపు కలిసిపోయింది. ఆకుపచ్చ ఫిల్టర్ పెడితే గోడ నల్లబడి గుర్రాలు ఎగిరొచ్చాయి. రీకో 2025లో ప్రకటించిన జీఆర్ ఫోర్ మోనోక్రోమ్‌లో ఎర్ర ఫిల్టర్ కెమెరా లోపలే ఉంటుంది, జేబులో పట్టే కెమెరాకి అది పెద్ద సౌకర్యం, కానీ ఇడితాల్ దగ్గర దాన్ని ఆపెయ్యాలి.

మిట్టమధ్యాహ్నం తెల్ల పంచె ఇంకో గండం. రంగు కెమెరాలో ఆకుపచ్చ గుంటలు నిండిపోయినా ఎరుపు, నీలం గుంటల్లో ఎంతో కొంత మిగులుతుంది, దాన్నిబట్టి కొంత బాగుచేసుకోవచ్చు. ఇక్కడ అన్నీ ఒకేసారి నిండుతాయి, పంచె మడతలన్నీ పోయి తెల్ల కాగితం మిగులుతుంది. కాబట్టి ఎప్పుడూ ఒక స్టాప్ తగ్గించి, అంటే వెలుతురు సగం చేసి తీయడం అలవాటు చేసుకోవాలి, నీడల్ని తర్వాత పైకి లాగొచ్చు, అక్కడ ఈ కెమెరాలు బాగా ఆదుకుంటాయి.

వీధిలో చిన్న కెమెరానే ఎందుకంటే, పెద్ద లెన్సు తీస్తే బజారంతా మనల్నే చూస్తుంది. ఫోకస్ కోసం కూడా ఆగక్కర్లేదు. రీకో జీఆర్ త్రీలో ఉన్నట్టు 18.3 మి.మీ. లెన్సు అయితే, ఎఫ్ 8 పెట్టి (లెన్సు రంధ్రం చిన్నది చేసి) రెండు మీటర్ల దూరానికి కాస్త అవతల ఫోకస్ కట్టేస్తే, సుమారు మీటరు నుంచి కొండల దాకా అన్నీ చాలినంత స్పష్టంగా పడతాయి. ఇక మిగిలింది నొక్కడమే. అలాగని కొండల మీంచి సంతకి దిగిన సవర ముసలమ్మ ముఖం మీద అడక్కుండా నొక్కెయ్యమని కాదు, నలుపు తెలుపులో ముడతలు బాగా వస్తాయన్న ఒకే కారణంతో ముసలివాళ్ల వెంట పడేవాళ్లని చూస్తే నాకు చిరాకు.

ధరకి వస్తే నవ్వొస్తుంది, తీసేసినందుకు ఎక్కువ ఇవ్వాలి. 2012 లైకా వచ్చినప్పుడు దాదాపు 8 వేల డాలర్లు. 2023లో పెంటాక్స్ తెచ్చిన కే త్రీ మార్క్ త్రీ మోనోక్రోమ్ అప్పట్లో సుమారు 2,200 డాలర్లు, అదే కెమెరా రంగుల్లో 2 వేలకే వచ్చింది, పైగా అది చిన్నదీ కాదు. తక్కువ సంఖ్యలో చేసే సెన్సారుకి ఖర్చు ఎక్కువే, ఒప్పుకుంటాను, కానీ ఏడాదికి పది నలుపు తెలుపు ఫొటోలు తీసేవాళ్లు కొనాల్సిన వస్తువు కాదిది. ఉన్న రంగు కెమెరాని నలుపు తెలుపు మోడ్‌లో పెట్టుకుంటే వెనక తెర మీద అలాగే కనిపిస్తుంది, రా ఫైల్లో (సెన్సారు కొలిచింది కొలిచినట్టే దాచే ముడి ఫైలు) రంగు భద్రంగా ఉంటుంది, ఒక ఆరు నెలలు అది చాలు.

నా స్నేహితుడికి కెమెరా ఇచ్చేశాక నేను ఇంకా చవక పని చేశాను. ఫోను సెట్టింగుల్లో గ్రేస్కేల్ అని ఉంటుంది, అది నొక్కితే తెర మొత్తం నలుపు తెలుపు అయిపోతుంది, వారం రోజులు అలాగే ఉంచుకుంటే ఏ రంగు ఏ బూడిద అవుతుందో కళ్లకి అలవాటు పడుతుంది. మొదటి రోజే ఫోను మోగింది. ఎత్తే బటనూ కట్ చేసే బటనూ ఒకే బూడిదరంగులో ఉన్నాయి, కంగారులో తప్పుదే నొక్కాను. చేసింది మా ఆవిడ.