మందుల బేరం: ముడి పడింది 2003లోనే

మాత్రల మందుల ధరపై అమెరికా ప్రభుత్వం బేరమాడడానికి ఇంకా నాలుగేళ్లు ఆగాలన్న డిమాండ్ మళ్లీ ముందుకొచ్చింది. 2022 చట్టం ప్రకారం అనుమతి పొందిన మాత్రలకు 9 ఏళ్ల తర్వాత, జీవకణాలతో తయారయ్యే మందులకు 13 ఏళ్ల తర్వాత బేరం కుదిరిన ధర అమలు కావచ్చు. ఈ తేడా ఉంటే మాత్రలపై పరిశోధనకు పెట్టుబడి రాదని కంపెనీల మాట. దీన్ని సవరించాలని 2025 ఏప్రిల్‌లో ట్రంప్ ఉత్తర్వు కూడా కోరింది.

అసలు బేరమే వద్దని రాసుకున్నది 2003లో. వృద్ధులకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్‌లో మందుల ఖర్చు కూడా భరించే బిల్లుపై ఆ ఏడాది నవంబరు 22న, తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో ప్రతినిధుల సభలో ఓటింగ్ మొదలైంది. 15 నిమిషాల్లో ముగియాల్సింది. ఓడిపోయేలా ఉండడంతో దాదాపు మూడు గంటలు సాగదీసి, సభ్యులను పక్కకు పిలిచి నచ్చజెప్పి, 220-215తో గట్టెక్కించారు. కంపెనీలు, బీమా సంస్థల బేరంలో ఆరోగ్య మంత్రి జోక్యం చేసుకోకూడదన్న నిబంధన అందులోనే ఉంది. ఖర్చులో సింహభాగం భరించేది ప్రభుత్వం, ధర అడగకూడనిదీ ప్రభుత్వమే! మాజీ సైనికుల మందులకు మాత్రం 1992 చట్టంతో అదే ప్రభుత్వం తగ్గింపు రాబట్టుకుంటూ వచ్చింది.

పథకానికి సుమారు 40 వేల కోట్ల డాలర్లు చాలని సభ్యులకు చెప్పారు. అంతకు 10 వేల కోట్లకు పైగా ఎక్కువవుతుందని మెడికేర్ ప్రధాన గణాంక నిపుణుడు రిచర్డ్ ఫాస్టర్ లెక్కగట్టారు. ఆ లెక్క సభ్యులకు ఇస్తే ఉద్యోగం పోతుందని పైనుంచి బెదిరింపు వచ్చింది. బిల్లును నడిపించినవారిలో ఒకరైన బిల్లీ టాజిన్, 2005లో మందుల కంపెనీల సంఘానికే అధిపతి అయ్యారు.

ఆ నిబంధనకు గండి పడడానికి 19 ఏళ్లు పట్టింది. బేరానికి దారి తెరిచిన చట్టం 2022లో సెనేట్ 50-50గా చీలితే అప్పటి ఉపాధ్యక్షురాలు కమలా హారిస్ ఓటుతో నెగ్గింది. తొలి విడత 10 మందుల కొత్త ధరలు 2026 జనవరి నుంచి అమల్లోకి వచ్చాయి. మధుమేహానికి వాడే జానువియా నెల ధర 527 డాలర్ల నుంచి 113కు దిగింది. రాయితీలు పోగా తమకు 527 ఎన్నడూ రాలేదని కంపెనీల సమాధానం. నిజమే, కానీ ఆ రాయితీలు ఎంతో అవి బయటపెట్టవు.

కొత్త మందులు ఆగిపోతాయన్న భయానికి కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం 2022లోనే లెక్క చెప్పింది: 30 ఏళ్లలో రావాల్సిన సుమారు 1,300 మందుల్లో తగ్గేవి 13. అయినా 2025 జులై చట్టంలో అరుదైన జబ్బుల మందులకు మినహాయింపు విస్తరించారు. ఇప్పుడు మాత్రల వంతు.