అపోహలు - వాస్తవాలు: పుస్తకంలోని ఫ్లాష్ పాయింట్ మీ డ్రమ్ములోది కాదు

నిప్పు చూపగానే ద్రవం పైని ఆవిరి భగ్గుమనే కనీస ఉష్ణోగ్రతే ఫ్లాష్ పాయింట్. ఆ పరీక్ష కోసం చౌటుప్పల్, చిట్యాల, జడ్చర్ల వైపు కంపెనీల నుంచి మా ల్యాబ్‌కు సాల్వెంట్ (ఇతర పదార్థాలను కరిగించే ద్రవం) శాంపిళ్లు వస్తుంటాయి. వాటితో పాటు ఈ మాట కూడా తరచూ వస్తుంది: "సార్, డీఎంఎఫ్ గదా, పుస్తకంల 58 ఉంది. అదే రాసియ్యిండ్రి, లారీ ఆగి ఉంది." డీఎంఎఫ్ అంటే డైమిథైల్ ఫార్మమైడ్ అనే సాల్వెంట్.

అపోహ: డ్రమ్ము మీద పేరు తెలిస్తే ఫ్లాష్ పాయింట్ తెలిసినట్టే.

వాస్తవం: 58 డిగ్రీలు స్వచ్ఛమైన డీఎంఎఫ్‌కి. మీరు తెచ్చింది రికవరీ డీఎంఎఫ్, అంటే ఒకసారి వాడి తిరిగి రాబట్టింది. అందులో అసిటోన్ నాలుగైదు శాతం మిగిలినా చాలు, ఫ్లాష్ పాయింట్ దాదాపు గది ఉష్ణోగ్రతకు దిగిపోతుంది. మంట అంటుకునేది ద్రవానికి కాదు, దాని పైన చేరిన ఆవిరికి. ఆవిరిలో ముందుగా నిండేది ఎక్కువున్న డీఎంఎఫ్ కాదు, తొందరగా ఎగిరే అసిటోన్.

ఒకసారి ఇలాంటి శాంపిల్ మూత తీయగానే అసిటోన్ వాసన గుప్పుమంది. 58 అనుకుని పెన్‌స్కీ మార్టెన్స్ అనే పరీక్ష పరికరంలో పెడితే 35 దగ్గర మొదటి మంట చూపించాలి. అక్కడే ఫ్లాష్ అయితే అసలు విలువ ఇంకా కిందెక్కడో ఉందని తప్ప ఏమీ తెలియదు. అందుకే తక్కువ ఫ్లాష్ పాయింట్లు కొలిచే ఏబెల్ పరికరం కప్పులో పోసి, ఐస్‌లో చల్లబరిచి, కింది నుంచి మొదలుపెట్టాను. ప్రతి అర డిగ్రీకి షట్టర్ తెరిచి, పూసంత మంటను లోపలికి దించడం. మొదట మంట చుట్టూ లేత నీలం వలయం కనిపిస్తుంది, అది ఫ్లాష్ కాదు. ఇంకొంచెం వేడెక్కాక నీలి మంట కప్పు మొత్తం మీద ఒక్కసారిగా పరుగెత్తింది, టెస్ట్ మంట ఆరిపోయింది. థర్మామీటర్ ఇంకా 30 దాటలేదు. ఆ డ్రమ్ములేమో బాయిలర్ షెడ్డు గోడ పక్కన ఉన్నాయి. ఫోన్ చేసి చెబితే ఇన్‌చార్జి గొంతు తడారిపోయింది. ఆయన నిర్లక్ష్యపు మనిషి కాదు, చేతిలోని ఎంఎస్‌డీఎస్‌ను (రసాయనం భద్రతా వివరాల పత్రం) నమ్మాడు. సాయంత్రానికల్లా డ్రమ్ములు వేరే చోటికి మారాయి.

శాంపిల్ తేవడం కూడా పరీక్షలో భాగమే. సగం నింపిన ప్లాస్టిక్ బాటిల్‌ని ఏప్రిల్ ఎండలో బైకు డిక్కీలో వేసుకొస్తే, మూత తీసేసరికి అసిటోన్ గాల్లో కలిసిపోతుంది. అప్పుడు ఫ్లాష్ పాయింట్ ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది. తక్కువ వస్తే భయపడి జాగ్రత్త పడతారు, ఎక్కువ వస్తే నిశ్చింతగా ఉంటారు. నాకు ఈ రెండోదే టెన్షన్. గాజు బాటిల్‌లో కొద్ది ఖాళీ వదిలి నింపండి, మూత బిగించండి, ఐస్ బాక్సులో తెండి. ఒకసారి పరీక్షించిన శాంపిల్‌నే మళ్లీ వేడి చేయమని అడగకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. సాల్వెంట్‌లో నీళ్లు కలిస్తే అంటుకోదన్నది అబద్ధం. 70 శాతం ఇథనాల్ శానిటైజర్ ఫ్లాష్ పాయింట్ 20 డిగ్రీల లోపే. డీసీఎం (డైక్లోరోమీథేన్) అనే సాల్వెంట్‌కి ఫ్లాష్ పాయింట్ లేదు కాబట్టి టోలుయీన్‌లో కలిపితే నిశ్చింత అంటారు. డీసీఎం 40 డిగ్రీలకే మరిగి ముందు వెళ్లిపోతుంది, మిగిలేది టోలుయీన్. ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే ఏమైతది అంటారు. పెట్రోలియం రూల్స్‌లో ఫ్లాష్ పాయింట్ 23 లోపుంటే ఎక్కువ ప్రమాదకరమైన క్లాస్ ఏ, 23 నుంచి 65 లోపు క్లాస్ బి. నల్గొండ సముద్ర మట్టం కంటే ఎత్తులో ఉంది, గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి రీడింగ్ కొంచెం తక్కువ వస్తుంది. ఆ దిద్దుబాటు చేయకపోతే క్లాసే మారిపోవచ్చు.

ఎండాకాలం రాగానే 44 డిగ్రీలు దాటితే సాల్వెంట్ డ్రమ్ములు వాటంతటవే అంటుకుంటాయని వాట్సాప్‌లో తిప్పుతారు. అది చూసి, షెడ్డులో పనిచేసే కొడుకు గురించి ఒకమ్మ నన్ను అడిగింది: "టోలుయీన్‌ది 4 డిగ్రీలే అంట గదా సారూ, ఎండకే అంటుకుంటదా?" అంటుకోదమ్మా. నిప్పు లేకుండా తనంతట తాను అంటుకోవాలంటే టోలుయీన్ 480 డిగ్రీల దాకా వేడెక్కాలి. 4 డిగ్రీలంటే అక్కడి నుంచే ఆవిరి సిద్ధంగా ఉంటుందని, నిప్పురవ్వ తగిలితే చాలని అర్థం. కాబట్టి మీ అబ్బాయిని అడగాల్సింది ఎండ గురించి కాదు. డ్రమ్ము వంచి పోసేటప్పుడు స్టాటిక్ కరెంటును భూమిలోకి పంపే ఎర్తింగ్ క్లిప్ పెడుతున్నారా, ఒంటి మీద కాటన్ బట్టలే ఉన్నాయా అని అడగండి.

ఆ ఖాళీ డ్రమ్ములే తర్వాత నీళ్లకని, గింజలకని ఊళ్లకు వస్తాయి. ఖాళీ కదా అని గ్యాస్ కట్టర్‌తో మూత కోస్తారు. అందులో ద్రవం లేకపోవచ్చు, ఆవిరి ఉంటుంది, పేలడానికి అదే చాలు. డీజిల్ డ్రమ్మైనా అంతే, కట్టర్ వేడికి గోడకు అంటిన నూనె నిమిషాల్లో ఆవిరవుతుంది. మీ ఊళ్లో కట్టింగ్ షాపు ఉంటే ఈ ఒక్క పేరా వాళ్లకు చదివి వినిపించండి.