మిల్లీసెకన్లలో మెరిసి మాయమయ్యేవి ఎక్కడివి?

2007లో ఖగోళ శాస్త్రవేత్త డంకన్ లోరిమర్ బృందం ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోపు పాత రికార్డులు తిరగేస్తుంటే 2001 నాటి ఒక వింత సిగ్నల్ బయటపడింది. దాని నిడివి ఐదు మిల్లీసెకన్లు కూడా లేదు. ఇలా క్షణంలో మెరిసి పోయే రేడియో తరంగాలనే ఇప్పుడు ఫాస్ట్ రేడియో బరస్ట్‌లు అంటున్నారు.

అది చాలా దూరం నుంచి వచ్చిందని ఎలా తెలిసిందంటే, మనం ఖాళీ అనుకునే అంతరిక్షంలో కూడా పలచగా ఎలక్ట్రాన్లు ఉంటాయి, వాటి గుండా వచ్చేటప్పుడు ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు ముందు చేరి తక్కువ ఫ్రీక్వెన్సీవి వెనకబడతాయి. ఎంత వెనకబడ్డాయో చూసి, దారిలో ఎన్ని ఎలక్ట్రాన్లు తగిలాయో లెక్కకట్టొచ్చు. ఆ దిక్కున మన పాలపుంతలో ఉన్న ఎలక్ట్రాన్లన్నీ కలిపినా ఈ సిగ్నల్ ఆలస్యానికి సరిపోలేదు.

అయినా అనుమానాలు పోలేదు. కారణం, పార్క్స్‌లోనే ఇలాంటి పోలికలున్న సిగ్నళ్లు ఇంకొన్ని దొరికాయి, అవేమో ఎక్కువగా పనివేళల్లోనే వచ్చేవి! చివరికి 2015లో ఎమిలీ పెట్రాఫ్ బృందం గుట్టు విప్పింది: అక్కడి వంటగదిలోని మైక్రోవేవ్ ఓవెన్ ఆగకముందే ఎవరో తలుపు తెరిస్తే ఆ క్షణంలో బయటికి వచ్చిన తరంగాలవి. ఇంత ఓపిగ్గా సొంత వంటగదిని కూడా అనుమానించి చూశారు కాబట్టే నాకు ఈ రంగంలో వాళ్ల మాట మీద గురి. లోరిమర్ సిగ్నల్ మాత్రం ఆ పరీక్షలో కూడా నిలబడింది.

మరి పంపేది ఎవరు? ఏలియన్స్ అనే మాట వెంటనే వస్తుంది కానీ, ఇవి ఆకాశంలో అన్ని దిక్కుల నుంచీ, ఒకదానితో ఒకటి సంబంధం లేని గెలాక్సీల నుంచీ వస్తున్నాయి. అన్నిచోట్లా ఒకే రకం నాగరికతలు ఉన్నాయనుకోవడం కంటే, ఒకే రకం నక్షత్రాలు ఉన్నాయనుకోవడమే సబబు.

బలమైన ఆధారం 2020 ఏప్రిల్ 28న దొరికింది. మన పాలపుంతలోనే ఉన్న ఒక మ్యాగ్నెటార్ నుంచి అచ్చం ఇలాంటి మెరుపే వచ్చింది, కెనడాలోని చైమ్ టెలిస్కోపు, అమెరికాలోని స్టేర్2 యాంటెన్నాలు రెండూ పట్టాయి, అదే సమయంలో ఎక్స్-రే మెరుపు కూడా కనిపించింది. మ్యాగ్నెటార్ అంటే విపరీతమైన అయస్కాంత శక్తి ఉన్న న్యూట్రాన్ నక్షత్రం. సూర్యుడిని మించిన బరువంతా ఒక నగరం పట్టేంత గోళంలో కుక్కి ఉంటుంది.

అంతటితో కథ తేలిపోయిందని అనుకోలేం. ఎం81 గెలాక్సీ దగ్గర ముసలి నక్షత్రాల గుంపు ఒకదాని నుంచి కూడా ఇలాంటి సిగ్నళ్లు పదే పదే వస్తున్నాయి. భారీ నక్షత్రం పేలినప్పుడు పుట్టే మ్యాగ్నెటార్ వేల ఏళ్లలోనే చల్లబడిపోతుంది, మరి భారీ నక్షత్రాలు ఎప్పుడో అంతరించిన ఆ గుంపులో అదెలా ఉంటుంది? తెల్ల మరుగుజ్జు నక్షత్రాలు (సూర్యుడి లాంటివి ఇంధనం అయిపోయాక మిగిలే చిన్న గోళాలు) రెండు ఢీకొని కొత్తగా ఒక మ్యాగ్నెటార్ పుట్టి ఉండొచ్చని ఒక వాదన. ఇంకో మూలమైతే 16 రోజులకోసారి చురుగ్గా మారుతుంది. పుణె దగ్గరి మన రేడియో టెలిస్కోపు జీఎంఆర్‌టీ కూడా దాని మెరుపుల్ని పట్టింది. దానికి జంట నక్షత్రం ఉందా, లేక అదే బొంగరంలా ఊగుతోందా అన్నది ఇంకా తేలలేదు. నా మటుకు, వీటన్నిటికీ మూలం ఒక్కటే అయి ఉండదనిపిస్తుంది.