ఒకటే స్క్రీన్, రేట్లు మాత్రం వేరు: డిస్‌ప్లేల మీద కస్టమ్స్ గొడవ ఎక్కడ మొదలైంది

కంప్యూటర్‌కి పెట్టుకునే మానిటర్ అయితే 8528 52 అనే కస్టమ్స్ కోడ్ కింద దిగుమతి సుంకం సున్నా. లోపల ట్యూనర్ (ఛానెళ్ల సిగ్నల్ అందుకునే భాగం) ఉండి టీవీ అయితే 8528 72 కింద 20 శాతం. ఈ రెండూ కాని డిస్‌ప్లే అయితే 8528 59, దానికి మళ్లీ వేరే రేటు. మూడింటి లోపలా ఉన్న ప్యానెల్ మాత్రం ఒకే ఫ్యాక్టరీలో తయారైంది కావచ్చు. షాపులో స్క్రీన్ కొనుక్కునే మనకి ఇదంతా కనపడదు గానీ దిగుమతి చేసేవాళ్లకీ కస్టమ్స్ శాఖకీ మధ్య పాతికేళ్లుగా నలుగుతున్న గొడవ ఇదే, ఆ ఖర్చు కూడా చివరికి బిల్లులో మన మీదే పడుతుంది కాబట్టి వెనకాల కథ తెలుసుకోవడం మంచిది.

వస్తువులకి ఈ కోడ్ నంబర్లిచ్చే హెచ్‌ఎస్ (హార్మొనైజ్డ్ సిస్టమ్) పద్ధతి అంతర్జాతీయంగా 1988 జనవరి 1న అమల్లోకొచ్చింది, మన దేశం అయితే 1975 కస్టమ్స్ టారిఫ్ చట్టం షెడ్యూల్‌ని 1986లోనే ఆ నమూనాకి మార్చేసుకుంది. అప్పట్లో పెద్ద చిక్కేం లేదు. టీవీ అంటే టీవీయే, 8528లో ఉండేది, కంప్యూటర్ మానిటర్ కంప్యూటర్‌తో పాటు 8471లో ఉండేది. రెండూ పిక్చర్ ట్యూబ్ పెట్టెలే అయినా ఒకదాని పని ఇంకోటి చేసేది కాదు.

అసలు చీలిక 1996 డిసెంబర్‌లో వచ్చింది. సింగపూర్‌లో జరిగిన ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో) సమావేశంలో ఐటీ ఉత్పత్తుల ఒప్పందం కుదిరింది, దాని ప్రకారం కంప్యూటర్లూ వాటి అనుబంధ పరికరాల మీద సుంకాలు మెల్లగా సున్నాకి తేవాలి. 1997లో మనమూ చేరాం. టీవీలు ఆ జాబితాలో లేవు. అంటే గీతకి ఇటు సున్నా, అటు పూర్తి సుంకం. గీత గీసిన కొన్నాళ్లకే ఫ్లాట్ ప్యానెళ్లొచ్చాయి, వాటికి డిజిటల్ వీడియో తీసుకునే డీవీఐ పోర్టొచ్చింది, కంప్యూటర్‌కి తగిలించిన స్క్రీన్‌కే డీవీడీ ప్లేయర్ కూడా తగిలించుకోవచ్చు. ఇక దాన్ని గీతకి ఎటు పెట్టాలి?

మొదట గట్టిగా కొట్టుకున్నది యూరప్‌లో. వేరేచోట నుంచి కూడా వీడియో తీసుకోగలదు కాబట్టి ఇది కంప్యూటర్ మానిటర్ కాదని యూరోపియన్ యూనియన్ చాలా మానిటర్ల మీద 14 శాతం వేసింది. 2009 ఫిబ్రవరిలో కామినో కేసులో వాళ్ల కోర్టే, వేరే సిగ్నల్ కూడా చూపించగలదన్న ఒక్క కారణంతో 8471లోంచి తీసేయడం కుదరదని చెప్పింది. అప్పటికే 2008లో అమెరికా, జపాన్, తైవాన్ డబ్ల్యూటీవోకి వెళ్లాయి, 2010 ఆగస్టులో డబ్ల్యూటీవో వివాదాల విచారణ బృందం కూడా యూరప్‌కి వ్యతిరేకంగానే తేల్చింది. నా ఉద్దేశంలో అది సరైన తీర్పు, ఎందుకంటే ఒక పోర్టు అదనంగా పెట్టినందుకు వస్తువు జాతే మారిపోయిందనడం ఏం న్యాయం?

ఈలోగా హెచ్‌ఎస్ కూడా మారుతూ వచ్చింది. 2007లో మానిటర్లన్నీ 8528లోకి చేర్చి, "కంప్యూటర్‌కే, లేదా ప్రధానంగా కంప్యూటర్‌కి" వాడేవాటికి లోపల ఒక గది కట్టారు. ఆ "ప్రధానంగా" అన్నది ఎవరు కొలవాలో తేలక 2017లో "కంప్యూటర్‌కి నేరుగా కలపగలిగేలా, దాంతో వాడటానికే డిజైన్ చేసినవి" అని మార్చారు. కొంచెం నయం, అంతే.

మన దగ్గర పెద్ద యుద్ధం పూర్తి మానిటర్ల మీద కంటే లోపలి ఎల్‌సీడీల మీద జరిగింది, నాకు అన్నిటికంటే బాధనిపించేది కూడా ఈ భాగమే. ఎల్‌సీడీకి 9013 కింద సొంత చోటుంది, కాకపోతే "వేరేచోట ఇంకా స్పష్టంగా చెప్పని" ఎల్‌సీడీలకి అని షరతు. శాఖ వాదన ఏంటంటే, టీవీలో పెట్టడానికి తెచ్చావు కాబట్టి ఇది టీవీ భాగం, 8529లోకి రావాలి, కరెంట్ మీటర్లో పెట్టడానికి తెస్తే మీటర్ భాగం, 9028లోకి రావాలి. తెచ్చినవాళ్ల వాదన, ఎందులో పెట్టినా ఇది ఎల్‌సీడీయే, ఎల్‌సీడీకి పేరు పెట్టి మరీ చోటిచ్చాక భాగం అనడమేంటి అని. టారిఫ్ చట్టం షెడ్యూల్లోనే 84, 85 అధ్యాయాలుండే 16వ విభాగానికి నోట్ ఒకటుంది, 90వ అధ్యాయంలోకి (అంటే 90తో మొదలయ్యే కోడ్‌లలోకి) వచ్చే వస్తువులు 85లోకి రావని. 2015లో సెక్యూర్ మీటర్స్ కేసులో సుప్రీంకోర్టు మీటర్లకి తెచ్చిన ఎల్‌సీడీలు 9013లోవేనంది. 2023 మార్చిలో వీడియోకాన్ కేసులో టీవీ ప్యానెళ్లకీ అదే మాట చెప్పి శాఖ అప్పీళ్లు కొట్టేసింది. దశాబ్దం పైగా నడిచిన కేసు అది. తీర్పొచ్చేసరికి 2022 జనవరి 1 నుంచి 8524 అని ఫ్లాట్ ప్యానెల్ మాడ్యూళ్లకి కొత్త హెడింగే (నాలుగంకెల కోడ్) వచ్చేసింది, పట్టికే మారిపోయాక పాత పట్టిక మీద జవాబు దొరికిందన్నమాట. అన్నేళ్లూ డిమాండ్ నోటీసు మెడ మీద పెట్టుకుని వ్యాపారం చేయడం పెద్ద కంపెనీకి కుదురుతుందేమో గానీ, ఐదారు కంటైనర్లు తెచ్చుకునేవాడికి ఎలా కుదురుతుంది?

దీనికి తోడు రేట్లు ఒక చోట నిలవలేదు. 2013 ఆగస్టు 26 నుంచి విమానంలో తెచ్చుకునే ఫ్లాట్ టీవీకి సుంకం లేకుండా సామానుతో తెచ్చుకునే వీలు పోయి 36.05 శాతం పడింది, దుబాయ్, సింగపూర్ నుంచి వచ్చే మనవాళ్లకి ఇది బాగా గుర్తుంటుంది. 2017 డిసెంబర్‌లో టీవీల సుంకం 10 నుంచి 20 శాతానికి పెంచారు, ఇక్కడే తయారవ్వాలని. 2018లో టీవీలో అతి ఖరీదైన భాగమైన ఓపెన్ సెల్ (బ్యాక్‌లైట్ బిగించని ప్యానెల్) మీద కూడా వేశారు, దాంతో శాంసంగ్ చెన్నై దగ్గర టీవీల తయారీ ఆపేసి, ఆసియాన్ (ఆగ్నేయాసియా) దేశాలతో ఉన్న వాణిజ్య ఒప్పందం వల్ల సుంకం పడని వియత్నాం నుంచి తెచ్చుకోవడం మొదలెట్టింది. 2019 సెప్టెంబర్‌లో ఓపెన్ సెల్ సుంకం తీసేశారు, 2020 అక్టోబర్ 1 నుంచి మళ్లీ 5 శాతం. తిరుపతిలో టీవీలు బిగించే ఫ్యాక్టరీ లాంటి వాటికి ఈ ఐదు శాతం అటూ ఇటూ అవడం చిన్న సంగతి కాదు, వాళ్లు నిలబడేదే ఆ తేడా మీద.

2011 నుంచి సెల్ఫ్ అసెస్‌మెంట్ వచ్చింది కాబట్టి బిల్ ఆఫ్ ఎంట్రీలో (సరుకు దిగినప్పుడు కస్టమ్స్‌కిచ్చే పత్రంలో) కోడ్ దిగుమతిదారే వేసుకోవాలి. తప్పని శాఖకి అనిపిస్తే మామూలుగా రెండేళ్ల వరకు, కావాలని దాచాడంటే ఐదేళ్ల వరకు వెనక్కెళ్లి కస్టమ్స్ చట్టం సెక్షన్ 28 కింద తక్కువ పడిన సుంకం అడగొచ్చు. కోర్టులకే తేల్చడానికి ఏళ్లు పట్టే ప్రశ్నలో వేరే కోడ్ వేసినవాణ్ని దాచాడనడం నాకైతే అన్యాయంగా అనిపిస్తుంది. ముందే అడిగి తెలుసుకోవడానికి 2021 నుంచి ఢిల్లీ, ముంబైలలో అడ్వాన్స్ రూలింగ్ అథారిటీలున్నాయి, హైదరాబాద్ వ్యాపారులు ఈ దారి వాడుకోవాలి.

ఇప్పుడు గొడవ బడుల్లోని ఇంటరాక్టివ్ ప్యానెళ్ల దగ్గరికొచ్చింది, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ స్కూళ్లలో ఈమధ్య గోడకి పెట్టిన పెద్ద టచ్ స్క్రీన్లే ఇవి. లోపల ప్రాసెసర్, మెమరీ, ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటాయి కాబట్టి ఇది కంప్యూటరే, 8471, సుంకం సున్నా అని ఒక వాదన. ముఖ్యంగా చూపించడానికే కాబట్టి 8528 అని ఇంకో వాదన. 2025 ఫిబ్రవరి 1 బడ్జెట్‌లో నిర్మలా సీతారామన్ పూర్తిగా తయారై వచ్చే ఈ ప్యానెళ్ల మీద సుంకం 10 నుంచి 20 శాతానికి పెంచి, ఓపెన్ సెల్, మిగతా భాగాల మీద 5 శాతానికి తగ్గించారు. భాగాల మీద ఎక్కువ, తయారైన సరుకు మీద తక్కువ పడే తలకిందుల పరిస్థితి సరిచేయడానికని చెప్పారు, అది అవసరమే, నేనూ ఒప్పుకుంటా. కానీ 8471కీ 8528కీ మధ్య గీత మాత్రం అలాగే ఉంచి రేటు ఒక్కటే పెంచడం వల్ల, ఇదివరకు పది శాతం కోసం జరిగే వాదన ఇప్పుడు ఇరవై శాతం కోసం జరుగుతుంది.