‘గ్రహణం మొర్రి’ అనే మాట వెనక

పై పెదవి చీలి పుట్టిన బిడ్డను చూడగానే మనవాళ్లు ‘గ్రహణం మొర్రి’ అంటారు. ఆ పేరులోనే తల్లి మీద నేరం ఉంది. గ్రహణం పట్టినప్పుడు ఆమె బయటికి వచ్చిందనో, కత్తిపీట ముట్టుకుందనో దాని అర్థం. మా పిన్ని కొడుకు అలాగే పుట్టాడు. ఆపరేషన్‌తో పెదవి కుదిరింది. పిన్ని మాత్రం ఆ తొమ్మిది నెలల్లో ఏ రోజు ఏం తప్పు చేశానా అని ఏళ్ల తరబడి వెతుక్కుంటూనే ఉంది. ఈ నమ్మకాన్ని మనకన్నా ముందు ఎవరెవరు పరీక్షించి చూశారో తెలుసుకోవాలని నాకు అప్పుడే అనిపించింది.

రాహువు కథ అందరికీ తెలిసిందే. అమృతం పంచేటప్పుడు దేవతల వరుసలో దొంగగా కూర్చుంటే సూర్యచంద్రులు పట్టించారు, విష్ణువు తల తెగవేశాడు, ఆ పగతో ఇద్దరినీ మింగుతుంటాడు. అంతకన్నా పాతది ఋగ్వేదంలో ఉంది. స్వర్భానుడు అనే రాక్షసుడు సూర్యుణ్ణి చీకటితో కప్పితే అత్రి మహర్షి వెతికి బయటికి తెచ్చాడట.

ఆ కథలు వింటూ పెరిగిన దేశంలోనే క్రీ.శ. 499లో ఆర్యభటుడు సూటిగా చెప్పాడు: సూర్యుణ్ణి చంద్రుడు కప్పుతాడు, చంద్రుణ్ణి భూమి నీడ కప్పుతుంది. తర్వాతి శతాబ్దంలో వరాహమిహిరుడు కూడా గ్రహణానికి రాహువు కారణం కాదన్నాడు. అయితే 628లో గణిత, ఖగోళ పండితుడు బ్రహ్మగుప్తుడు వీళ్లిద్దరినీ తప్పుపట్టాడు. వేదం, స్మృతి చెప్పినదాన్ని కాదంటారా అని కోప్పడ్డాడు. చిత్రమేమిటంటే, తన గ్రంథంలో గ్రహణాన్ని లెక్కగట్టింది మాత్రం నీడల పద్ధతిలోనే. నాలుగు వందల ఏళ్ల తర్వాత ఇది చదివిన మధ్య ఆసియా పండితుడు అల్‌బిరూనీ, అంత తెలిసినవాడు మనస్సాక్షికి విరుద్ధంగా ఎందుకు రాశాడా అని ఆలోచించి, సోక్రటీస్‌కు పట్టిన గతి (తన మాటలకు మరణశిక్ష) లాంటిదేదో అతన్ని భయపెట్టి ఉంటుందని ఊహించాడు. నాకు ఈ ఘట్టం చదివినప్పుడల్లా బాధేస్తుంది. నిజం తెలిసీ నలుగురి కోసం నోరు నొక్కుకున్నవాళ్లు మన ఇళ్లలో ఎంతమంది!

పట్టు ఎప్పుడో విడుపు ఎప్పుడో నిమిషాలతో సహా పంచాంగం చెప్పగలుగుతోందంటే ఆ నీడల లెక్క వల్లే. పెద్దల నుంచి మనకు రాహువు కథ ఒక్కటే రాలేదు, ఈ లెక్క కూడా వచ్చింది.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన నేల మీదుగా వెళ్లింది. ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చి దాన్ని పరిశీలించాడు. ఆ ఏటి పరిశీలనలే హీలియం మూలకాన్ని కనుక్కోవడానికి దారితీశాయి. మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తిలో మకాం వేశారు. పాత పంచాంగాల లెక్కలు ఆకాశంతో సరిపోవడం లేదని, కంటితో చూసి సరిచేసిన దృగ్గణిత పంచాంగాన్ని ఆయన తెచ్చారు. పంచాంగాన్ని గౌరవించే మనిషే దాన్ని తనిఖీ చేయడం నాకెంతో నచ్చింది.

మళ్లీ 1980 ఫిబ్రవరి 16న తెలంగాణ మీదుగా సంపూర్ణ గ్రహణం వచ్చింది. రంగాపూర్‌లోని ఉస్మానియా యూనివర్సిటీ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు దాన్ని పరిశీలిస్తుంటే, ఊళ్లలో జనం తలుపులు బిగించుకుని కూర్చున్నారు.

గర్భిణుల భయాన్ని తమ మీదే పరీక్షించుకున్నవాళ్లూ ఉన్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో భర్త గోరాతో కలిసి నాస్తిక కేంద్రం పెట్టిన సరస్వతి గోరా, గర్భిణిగా ఉండి గ్రహణం వేళ బయటికి వచ్చారు. ఆమె తొమ్మిదిమంది పిల్లల తల్లి. తర్వాతి కాలంలో సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు గ్రహణం పట్టి ఉండగానే నలుగురిలో టిఫిన్లు తిని చూపించారు.

ఇక వైద్యం చెప్పేది. బిడ్డ పై పెదవి గర్భంలో నాలుగో వారం నుంచి ఏడో వారం లోపు ఏర్పడుతుంది. రెండు వైపుల నుంచి వచ్చే కండ అప్పుడు కలవకపోతే చీలిక మిగులుతుంది. వంశపారంపర్యం, ఫోలిక్ యాసిడ్ లోపం, పొగ తాగడం, కొన్ని మూర్ఛ మందులు, తల్లికి ముందే ఉన్న షుగర్ దీనికి దోహదం చేస్తాయి. ఏడో నెల గర్భిణిని చీకటిగదిలో కదలకుండా పడుకోబెట్టేనాటికి బిడ్డ పెదవి ఏర్పడి నెలలు గడిచిపోయి ఉంటాయి.

మెక్సికోలోనూ గ్రహణానికీ మొర్రికీ ముడిపెడతారు. అక్కడ గర్భిణి రక్షణ కోసం ఒంటి మీద పిన్నీసో తాళంచెవో, ఏదో ఒక లోహం పెట్టుకుంటుంది. ఇక్కడ కత్తి, సూది ముట్టుకోకూడదు. భయం ఒకటే, నియమాలు చోటుకో రకం. మన గుళ్లలోనే చూడండి, గ్రహణానికి తిరుమల ఆలయం మూస్తారు, శ్రీకాళహస్తి తెరిచే ఉంచుతారు.

విడుపు స్నానం, దీపం, జపం ఎవరిష్టం వాళ్లది, వాటితో నాకు పేచీ లేదు. కానీ కడుపుతో ఉన్న మనిషిని గంటల తరబడి మంచినీళ్లు కూడా ఇవ్వకుండా ఉంచడం చూస్తూ ఊరుకోలేను. ఎండలో చూసేవాళ్లెవరైనా సరే, సూర్యగ్రహణాన్ని తగిన ఫిల్టర్ అద్దాలు లేకుండా చూడకూడదు. ఆ జాగ్రత్త కళ్ల కోసం, గర్భం కోసం కాదు.

పెదవి ఏర్పడే ఈ వారాల లెక్క పిన్నికి చెప్పాను. వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుని, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: “అప్పటికి నాకు నెల తప్పిన సంగతే తెలీదు కదరా.”