రామకోటిలో లెక్క తప్పినట్టు

మొన్న ఒక పాఠకురాలు ఫోన్ చేశారు. "మా ఆడపడుచుకి మతిస్థిమితం లేదని తెలిసి మా అమ్మాయికి వచ్చిన సంబంధం వెనక్కి పోయిందండీ. నిజంగా ఇవి రక్తంలో వస్తాయా?" అని అడిగారు. అవునంటే తప్పు, కాదన్నా తప్పే. మనం 'పిచ్చి' అనే ఒక్క మాట కింద పదుల జబ్బులను కలిపేశాం. స్కిజోఫ్రేనియానే తీసుకోండి. 2022లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం మన జన్యురాశిలో 287 చోట్ల దానితో ముడిపడిన తేడాలను గుర్తించింది. అలాంటి సాధారణ తేడాలలో ఒక్కొక్కదాని బలం చాలా తక్కువ. మేనత్తకు ఉంది కాబట్టి మేనకోడలికి వచ్చి తీరుతుందనడానికి ఆధారం లేదు.

దీనికి పూర్తిగా అవతలి కొసన ఒక జబ్బు ఉంది. దాని పేరు హంటింగ్టన్ వ్యాధి. ఒకే జన్యువు, అందులో ఒకే రకం తప్పు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. మామూలుగా ముప్ఫై, యాభై ఏళ్ల మధ్య బయటపడుతుంది. చాలామందిలో ముందు కనిపించేది చిరాకు, దిగులు, అనుమానం. తర్వాత చేతులూ కాళ్లూ వాటంతట అవే మెలికలు తిరుగుతాయి, ఆపైన జ్ఞాపకం, మాట, మింగడం అన్నీ పోతాయి. మన ఊళ్లలో ఇలాంటి మనిషిని చూస్తే గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. అప్పుడు పోయే కాలం, డబ్బు తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఈ జన్యువును వెతికి పట్టుకున్న కథలో ముందుండి నడిపిన మనిషి నాన్సీ వెక్స్‌లర్. 1968లో ఒక ఉదయం ఆమె తల్లి లియొనోర్ లాస్ ఏంజెలెస్‌లో రోడ్డు దాటుతుంటే పోలీసాయన ఆపి, ఇంత పొద్దున్నే తాగారా అని మందలించాడు. ఆమె తాగలేదు, ఈ జబ్బు వల్ల తూలుతోంది. లియొనోర్ తండ్రీ, ముగ్గురు అన్నదమ్ములూ ఈ జబ్బుతోనే పోయారు. ఇది మగవాళ్లకే వస్తుందని ఆమె చిన్నప్పుడు ఎక్కడో చదివి నమ్మింది. జంతుశాస్త్రం చదువుకున్న మనిషి కూడా అలా నమ్మిందంటే, తప్పుడు సమాచారం ఎంత లోతుగా దిగుతుందో చూడండి.

అప్పటికి నాన్సీకి ఇరవై మూడేళ్లు. తండ్రి మిల్టన్ ఇద్దరు కూతుళ్లనూ కూర్చోబెట్టి విషయం చెప్పాడు. ఒక్కొక్కరికీ సగానికి సగం. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ముగ్గురికి వచ్చింది కాబట్టి నాలుగోవాడు తప్పించుకుంటాడని, తండ్రి పోలికలు వచ్చినవాడికే జబ్బూ వస్తుందని కుటుంబాలలో లెక్కలు వేసుకుంటారు. రెండూ తప్పే. ప్రతి బిడ్డకూ నాణెం కొత్తగా ఎగురుతుంది. పదో తరగతిలో మెండల్ బఠాణీలను పిల్లల చేత కంఠతా పట్టిస్తాం, మార్కులు వేస్తాం. ఈ ఒక్క సంగతి వాళ్ల బుర్రకి ఎక్కేలా చెప్పం.

నాన్సీ చదివింది జన్యుశాస్త్రం కాదు, మనస్తత్వశాస్త్రం. ఈ జబ్బు వస్తుందేమోనన్న టెన్షన్‌తో బతికే వాళ్ల మీదే పరిశోధన చేసి 1974లో డాక్టరేట్ తీసుకుంది. వెనిజులాలో మరకైబో సరస్సు ఒడ్డున ఈ జబ్బు ఊళ్లకు ఊళ్లనే పట్టిందని అమెరికో నెగ్రెట్ అనే అక్కడి డాక్టర్ 1950లలోనే గుర్తించాడు. ఊరి జనం దాన్ని 'ఎల్ మాల్', అంటే కీడు, అనేవారు. నాన్సీ 1979లో మొదటిసారి అక్కడికి వెళ్లింది. 1981 నుంచి ఏటా బృందంతో వెళ్లడం మొదలుపెట్టింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా తప్పు జన్యువు అందిన మనిషి దొరుకుతాడేమోనని మొదట్లో ఆశ. అలాంటివాళ్లు దొరికారు. వాళ్లకు జబ్బు రెట్టింపు తీవ్రంగా ఏమీ రాలేదని 1987లో ప్రకటించారు. ఒక్క కాపీ చాలు, పని జరిగిపోతుంది.

అక్కడి జనానికి రక్తం, చర్మం ముక్క ఇవ్వాలంటే భయం. తెల్లవాళ్లు వచ్చి మా మీద ప్రయోగాలు చేస్తున్నారనుకుంటే తప్పేముంది? తన తల్లికీ ఇదే జబ్బని, తనకూ రావచ్చని నాన్సీ చెప్పింది. ఎవరూ నమ్మలేదు. అప్పుడు ఫిడెలా గోమెజ్ అనే నర్సు నాన్సీ చెయ్యి పట్టుకుని పైకెత్తి, చర్మం తీసినచోట మిగిలిన చిన్న మచ్చను గదిలో ఒక్కొక్కరికీ చూపిస్తూ తిరిగింది. "ఈమెకీ గుర్తు ఉంది, చూడండి" అని అరిచింది. ఆ మచ్చ పని చేసింది. తర్వాతి సంవత్సరాలలో పది తరాల, 18 వేల మందికి పైగా ఉన్న వంశవృక్షం తయారైంది. నాలుగు వేల మందికి పైగా రక్తమిచ్చారు.

ఆ రక్తం బోస్టన్‌లో జేమ్స్ గుసెల్లా చేతికి వెళ్లింది. 1983లో నాలుగో క్రోమోజోమ్ మీద జన్యువు ఇంటి పక్కనే ఉన్న ఒక ఆనవాలు దొరికింది. వీధి తెలిసింది, ఇల్లు తెలియలేదు. ఇల్లు కనుక్కోవడానికి మరో పదేళ్లు, ఆరు బృందాలు, 58 మంది శాస్త్రవేత్తలు పట్టారు. 1993లో దొరికింది. ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటికి వచ్చాం.

మా అమ్మమ్మ రామకోటి రాసేది. గడులు అచ్చు వేసిన పుస్తకం కాదు, మామూలు గీతల పొడుగు నోటుబుక్కు. వరసగా రామ రామ రామ. కరెంటు పోయి వచ్చాక ఎక్కడ ఆపిందో గుర్తుండేది కాదు. వెనక్కి వెళ్లి మళ్లీ లెక్కపెట్టేది, ఒక్కోసారి అదే వరసను ఇంకోసారి రాసేది. పోతన పద్యాన్ని చూసి రాస్తే ఈ ఇబ్బంది రాదు. ఒక్క మాట రెండుసార్లు పడినా గణం తప్పుతుంది, కన్ను పట్టేస్తుంది. పేజీ అంతా ఒకే మాట అయితే కంటికి ఆధారం ఉండదు. పదిహేడో రామకీ పద్దెనిమిదో రామకీ తేడా ఏముంది?

హంటింగ్టన్ జన్యువు మొదట్లో సరిగ్గా ఇలాంటి వరస ఒకటి ఉంది. డీఎన్‌ఏ భాషలో సీ, ఏ, జీ అనే మూడక్షరాల మాట పదేపదే వస్తుంది. దాని అర్థం 'ఇక్కడ ఒక గ్లూటమిన్ పెట్టు' అని. ప్రొటీన్ ఒక గొలుసైతే గ్లూటమిన్ అందులో ఒక రకం పూస. 26 వరకు ఉంటే ఏ ఇబ్బందీ లేదు. 27 నుంచి 35 దాకా ఉంటే మనిషికి జబ్బు రాదు కానీ, పిల్లలకు చేరేటప్పుడు లెక్క పెరగవచ్చు. 36 నుంచి 39 అయితే రావచ్చు, రాకపోవచ్చు. 40 గానీ అంతకు మించి గానీ ఉంటే నిండు ఆయుష్షు బతికిన మనిషికి వచ్చి తీరుతుంది. లెక్క ఎంత పెద్దదైతే జబ్బు అంత చిన్న వయసులో మొదలవుతుంది. 60 దాటితే బడికి వెళ్లే వయసులోనే రావచ్చు. తండ్రి నుంచి దిగేటప్పుడు వరస ఎక్కువగా సాగుతుంది, ఎందుకంటే వీర్యకణాల తయారీలో ఆ పుస్తకాన్ని ఎన్నోసార్లు తిరగరాయాలి.

ఇక్కడ ఒక అందమైన విషయం ఉంది. వరస చివర, ఆఖరి మాటకు ముందు, సాధారణంగా ఒక సీ, ఏ, ఏ ఉంటుంది. అర్థం అదే గ్లూటమిన్, అక్షరాలే వేరు. రామ రామ రామ అని రాస్తూ చివర్లో ఒక్కచోట రాఘవ అని రాసినట్టు. దేవుడు ఒక్కడే, భక్తికి లోటు లేదు, కానీ కంటికి ఒక గుర్తు దొరికింది. కొందరిలో ఆ రాఘవ ఉండడు, అక్కడా రామ అనే ఉంటుంది. ప్రొటీన్‌లో గ్లూటమిన్‌ల సంఖ్య ఏమీ మారదు. అయినా వాళ్లకు జబ్బు ముందే వస్తుందని 2019లో తేలింది. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. గ్లూటమిన్ గొలుసు పొడుగే మొత్తం కథైతే ఇలా జరగకూడదు. అసలు గడియారం డీఎన్‌ఏ వరసలోనే ఉందన్నమాట.

అంటే వరస పిల్లలకు దిగేటప్పుడే కాదు, ఆ మనిషి బతికి ఉండగానే సాగుతోంది. ఒంట్లో దాదాపు ప్రతి కణం దగ్గరా ఆ పుస్తకం ఒక ప్రతి ఉంటుంది. మెదడు లోతులో స్ట్రయేటం అనేచోట కొన్ని నాడీకణాలు దాన్ని ఊరికే ఉంచవు. డీఎన్‌ఏ రెండు పోగులూ కాసేపు విడి మళ్లీ అతుక్కునేటప్పుడు ఒకే మాట కాబట్టి ఒక రామ పక్కకు జారి ఇంకో రామ ఎదురుగా కూర్చుంటుంది. మిగిలిన ముక్క చిన్న ఉచ్చులా బయటికి ఉబ్బుతుంది. దాన్ని సరిచేయడానికి ఎంఎస్‌హెచ్3, ఎంఎల్‌హెచ్1 వంటి మరమ్మతు ప్రొటీన్లు వస్తాయి. చాలాసార్లు ఆ ఉచ్చును కత్తిరించకుండా, ఎదుటి పోగునే దానికి సరిపడా పొడిగిస్తాయి. తప్పు దిద్దబోయి ఇంకో రెండు రామలు కలిపి పోతాయి. ఎఫ్‌ఏఎన్1 అనే ఇంకొకటి దీన్ని అడ్డుకుంటుంది. ఎవరికి ఏ వయసులో జబ్బు మొదలవుతుందన్నది కొంతవరకు ఈ మరమ్మతు జన్యువుల తేడాల మీదే ఆధారపడుతుంది.

2025 జనవరిలో హార్వర్డ్‌లోని స్టీవెన్ మెక్‌కారల్ బృందం చనిపోయినవాళ్ల మెదడు కణాలను ఒక్కొక్కటిగా చదివి చూపించింది. పుట్టుకతో 40కి పైబడి ఉన్న వరస 80కి చేరడానికి దశాబ్దాలు పడుతుంది. అక్కడి నుంచి 150కి కొన్నేళ్లలోనే ఎగబాకుతుంది. 150 దాటేదాకా కణం దాదాపు మామూలుగానే పనిచేస్తుంది. దాటిన కణమే చెడుతుంది, తర్వాత చస్తుంది. ఒక్కో కణం ఒక్కోసారి దాటుతుంది కాబట్టి మనిషి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కరిగిపోతాడు. అందుకే ఇప్పుడు ఎంఎస్‌హెచ్3 పని తగ్గించే మందుల కోసం వెతుకుతున్నారు. 40కీ 80కీ మధ్య ఉన్న ఆ పొడుగాటి నెమ్మది కాలాన్ని ఇంకా సాగదీయగలిగితే, మనిషి వయసైపోయి మామూలుగానే పోవచ్చు.

ముందే తెలుసుకునే పరీక్ష 1986లోనే అందుబాటులోకి వచ్చింది. పరీక్ష చేయించుకున్నారా అని అడిగితే నాన్సీ ఏళ్ల తరబడి జవాబు చెప్పలేదు. ఆమె చెప్పనక్కర్లేదని నా అభిప్రాయం. మందు లేని జబ్బు గురించి ముందే తెలుసుకునే హక్కు ఎంత ఉందో, తెలుసుకోకుండా ఉండే హక్కూ అంతే ఉంది. 2020లో, డెబ్బై నాలుగేళ్ల వయసులో, తనకూ హంటింగ్టన్ ఉందని ఆమె లోకానికి చెప్పింది. అప్పటికే ఆమె నడక తూలుతోంది. మరకైబో ఒడ్డున ఆమె వందల మందిలో చూసిన నడక అది.

ఫోన్ చేసినావిడకి ఇదంతా చెప్పలేదు. "మీ ఆడపడుచు గారికి డాక్టర్లు రాసిన జబ్బు పేరేమిటమ్మా?" అని అడిగాను. ఆవిడకి తెలీదు. పదిహేనేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ అడగలేదట. ఎన్నో ఏట మొదలైంది, వాళ్ల అమ్మానాన్నలకు ఏమైనా ఉందా అంటే అదీ తెలీదు. పాత ఆసుపత్రి కాగితాలు బీరువాలో ఉంటాయి, వెతికి ఫొటోలు తీసి పంపిస్తానన్నారు.