డిస్కు డ్రైవర్ బిల్డ్ ఎర్రర్లు: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో కూర్చుని లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) పని చేస్తానంటే "అదంతా బెంగళూరులో కదా" అంటారు. కోడ్‌ని మిషన్ భాషలోకి మార్చే కంపైలర్‌కి ఊరితో పనిలేదు. ఓ మోస్తరు లాప్‌టాప్, కరెంటు ఉంటే చాలు (తుఫాను రోజుల్లో రెండోదానికి నా పూచీ లేదు). నేను చూసేది డిస్కు డ్రైవర్లు, అంటే డిస్కుతో కెర్నెల్ మాట్లాడే కోడ్. ఇక్కడి ఇంజినీరింగ్ పిల్లలు ప్రాజెక్టు కోసం కెర్నెల్ బిల్డ్ (సోర్సు కోడ్ నుంచి కెర్నెల్‌ని కట్టడం) పెట్టి, ఆగిపోగానే స్క్రీన్‌ని ఫొటో తీసి వాట్సాప్‌లో పడేస్తుంటారు. ఆ ఫొటోల వెంట వచ్చే అపోహలు కొన్ని.

అపోహ: చివర్లో కనిపించేదే అసలు ఎర్రర్.

ఫొటోల్లో ఎక్కువగా ఉండేది "ఎర్రర్ 2" అన్న ఆఖరి లైనే. లోపలి ఫోల్డర్‌లో పని ఆగిందని మేక్ (బిల్డ్‌ని నడిపించే ప్రోగ్రామ్) పైకి కబురు పంపడం తప్ప అందులో ఏమీ లేదు. ఒకేసారి ఎనిమిది పనులు నడిపిస్తే, ఒకటి ఆగినా మిగతావి తమ లైన్లు కక్కుతూనే ఉంటాయి. అసలు తప్పు ఎక్కడో పైకి వెళ్లిపోతుంది. అనుమానం ఉన్న ఆబ్జెక్టు ఫైలు (ఒక్కో సీ ఫైలు కంపైలయ్యాక వచ్చేది) ఒక్కదాన్నే అడిగి కట్టించండి. ఫొటో కూడా ఒక్క స్క్రీన్‌లో పడుతుంది.

అపోహ: "ఏటన్నా, నిన్న బానే అయింది కదా! కోడ్ ఎవడో పాడుచేసుంటాడు."

పాత కెర్నెల్‌కి రాసిన డ్రైవర్‌ని కొత్త కెర్నెల్‌తో కడుతున్నారేమో ముందు చూసుకోండి. కెర్నెల్ లోపలి ఫంక్షన్లు ఎప్పటికీ ఇలాగే ఉంటాయని ఎవరూ మాటివ్వలేదు, ఇవ్వబోమని దాని డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. 2019 మార్చిలో వచ్చిన 5.0లో, డిస్కు పనులన్నీ ఒకే వరసలో నిలబెట్టే పాత సింగిల్ క్యూ పద్ధతిని పూర్తిగా తీసేశారు. కెర్నెల్ సోర్సులో ఉన్న డ్రైవర్లను అప్పటికే కొత్త పద్ధతికి మార్చేశారు. బయట జిప్ ఫైళ్లలో తిరిగే డ్రైవర్లు మాత్రం "అలాంటి ఫంక్షన్ లేదు" అంటూ ఆగిపోయాయి. రూట్ పార్టిషన్ (సిస్టమ్ ఉన్న డిస్కు భాగం) అలాంటి డ్రైవర్ మీదే నడుస్తుంటే, అప్‌గ్రేడ్‌కి ముందు పాత కెర్నెల్‌ని గ్రబ్ మెనూలో (బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్‌ని ఎంచుకునే చోట) ఉంచుకోండి.

అపోహ: "ఇంప్లిసిట్ డిక్లరేషన్" (ఫంక్షన్‌ని ముందుగా పరిచయం చేయకుండా పిలిచారన్న) ఎర్రర్‌కి కంపైలర్‌కి ఒక ఫ్లాగ్ పెడితే నోరు మూస్తుంది.

మూస్తుంది నిజమే. ఆ తర్వాత జరిగేదే చూడాలి. వీమాలాక్ అంటే కెర్నెల్‌లో మెమరీ ఇచ్చే ఫంక్షన్, 64 బిట్ల మిషన్‌లో అది తిరిగిచ్చేది 64 బిట్ల చిరునామా. దాని డిక్లరేషన్ కనబడకపోతే, పాత సీ అలవాటు ప్రకారం అది ఇంట్ ఇస్తుందని, అంటే 32 బిట్లే అని కంపైలర్ అనుకుంటుంది. 16 హెక్సా అంకెల చిరునామాలో పై 8 ఊడిపోతాయి. బిల్డ్ పచ్చగా పూర్తవుతుంది, డ్రైవర్ మాత్రం సంబంధం లేని చిరునామాలో రాయబోయి మిషన్‌ని పడగొడుతుంది. చేయాల్సింది ఒక్క ఇన్‌క్లూడ్ లైను రాయడం, అంటే ఆ డిక్లరేషన్ ఉన్న హెడర్ ఫైలుని పిలవడం. "మరి ఎక్స్86లో అయింది, ఆర్మ్‌లో ఎందుకు అవలేదు?" అని అడుగుతారు (అవి రెండు రకాల ప్రాసెసర్లు). ఎక్స్86లో ఐఓ హెడర్ చాలా ఏళ్లపాటు వీమాలాక్ హెడర్‌ని కూడా వెంటబెట్టుకొచ్చేది. వాడే ప్రతి హెడర్‌నీ మీ ఫైల్లో మీరే పిలవండి.

అపోహ: నా మిషన్‌లో కట్టింది కాబట్టి పని అయినట్టే.

డిస్కు డ్రైవర్లలో నాకు అన్నిటికంటే భయం దీనితోనే. కెర్నెల్ డిస్కుని సెక్టార్లుగా లెక్కపెడుతుంది, దాని లెక్కలో ఒక సెక్టార్ అంటే 512 బైట్లు. 32 బిట్లతో లెక్కపెడితే 2 టీబీ దగ్గర అంకెలు అయిపోతాయి, అందుకే సెక్టార్ నంబరు 64 బిట్లు. 64 బిట్ల మిషన్‌లో దాన్ని మామూలుగా భాగిస్తే ఏ గొడవా ఉండదు. అదే కోడ్‌ని 32 బిట్లకు కడితే కంపైలర్ భాగహారం కోసం లిబ్‌జీసీసీలోని (కంపైలర్‌తో వచ్చే సహాయక లైబ్రరీ) ఒక ఫంక్షన్‌ని పిలుస్తుంది. కెర్నెల్ ఆ లైబ్రరీని కలుపుకోదు, ఆబ్జెక్టు ఫైళ్లను కలిపే లింకర్ "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అని ఆగుతుంది. ఇక్కడ చాలామంది సెక్టార్ నంబరుని 32 బిట్లకు కాస్ట్ చేసేసి (బలవంతంగా కుదించేసి) హమ్మయ్య అనుకుంటారు. చిన్న డిస్కులో అంతా బాగానే ఉంటుంది. 2 టీబీ దాటిన తొలి రాత, ఆటో మీటరు తిరిగి సున్నాకొచ్చినట్టు, డిస్కు మొదటికి వచ్చి పార్టిషన్ టేబుల్ మీద పడుతుంది. కెర్నెల్ ఇచ్చే డివ్_యూ64 గానీ డూ_డివ్ గానీ వాడి భాగించండి. డూ_డివ్‌తో ఒక జాగ్రత్త: భాగఫలాన్ని మీరిచ్చిన వేరియబుల్లోనే పెట్టి, తిరిగిచ్చేది శేషాన్ని. దాని ఫలితాన్ని మళ్లీ అదే వేరియబుల్‌కి అప్పజెప్పిన కోడ్ చూస్తే నాకు చెమటలు పడతాయి.

అపోహ: మేక్ క్లీన్ (పాత బిల్డ్ ఫైళ్లను చెరిపే కమాండ్) కొడితే ఎర్రర్లన్నీ పోతాయి.

కొన్ని పోతాయి. ఇంకా గట్టిగా చెరిపే మేక్ ఎంఆర్‌ప్రాపర్ కొడితే మీ కాన్ఫిగ్ (కెర్నెల్లో ఏవేవి ఉండాలో మీరు ఎంచుకున్న ఫైలు) కూడా పోతుంది.

అపోహ: బిల్డ్ ఎర్రరంటే సీ ఫైల్లోనే తప్పుండాలి.

ఎన్‌వీఎంఈ (ఒక రకం ఎస్‌ఎస్‌డీ) డిస్కు వేడిని చూపించే భాగం, కెర్నెల్లో ఉష్ణోగ్రతల్లాంటివి చూసే హెచ్‌డబ్ల్యూమాన్ మీద ఆధారపడుతుంది. ఎన్‌వీఎంఈని కెర్నెల్లోనే కలిపేసి, హెచ్‌డబ్ల్యూమాన్‌ని మాడ్యూల్‌గా (విడి ఫైలుగా) ఉంచితే లింక్ కాదు. తర్వాతెప్పుడో లోడ్ అయ్యే మాడ్యూల్లోని ఫంక్షన్ కెర్నెల్‌కి కట్టేటప్పుడే ఎక్కడ దొరుకుతుంది? అందుకే ఆ రెండూ లోపలుండాలి, లేదా ఎన్‌వీఎంఈ కూడా మాడ్యూల్ కావాలి అని కేకాన్ఫిగ్‌లో (ఏ ఆప్షన్‌కి ఏది కావాలో రాసే ఫైళ్లలో) షరతు పెట్టారు. ఇలాంటివి మనిషి కంటికి దొరకడం కష్టం. ఇంటెల్ నడిపే టెస్ట్ రోబో అడ్డదిడ్డమైన కాన్ఫిగ్‌లతో కడుతూ వీటిని పట్టి మెయిల్ పంపుతుంది. రోబో పంపిందే కదా అని తీసిపారేయకండి.

అపోహ: సరిచేసింది పరీక్షించాలంటే పెద్ద డిస్కు కొనాలి.

లాప్‌టాప్‌లో 256 జీబీయే ఉన్నా, ట్రంకేట్ కమాండ్‌తో 3 టీబీ ఖాళీ ఫైలు చేయొచ్చు. రాసినంత మేరకే అది చోటు తింటుంది. దాన్ని క్యూఈఎంయూలో (కంప్యూటర్‌లో ఇంకో కంప్యూటర్‌ని అనుకరించే ప్రోగ్రామ్) ఎన్‌వీఎంఈ డిస్కుగా తగిలించి, 32 బిట్ల కెర్నెల్ బూట్ చేయండి. మొదటి సెక్టార్‌ని కాపీ తీసి పక్కన పెట్టి, ఎఫ్ఐఓతో (డిస్కుని పరీక్షించే ప్రోగ్రామ్) సరిగ్గా 2 టీబీ దగ్గర మొదలుపెట్టి వెరిఫై ఆప్షన్‌తో కాస్త రాయించి, మొదటి సెక్టార్‌ని మళ్లీ చదివి పోల్చండి. రెండూ ఒకేలా ఉంటే అప్పుడు ప్యాచ్ (మీ మార్పు) పంపండి, ఎక్స్86, ఆర్మ్ రెండిటికీ కట్టి చూశామని ఒక ముక్క రాసి మరీ.